మూడు మట్టిగోడలు

కాజీపేట చౌరస్తాల జిరాక్స్ దుకాణం మీది అర్ర.
ఆదివారం రాత్రి. నలుగురం, ఒక్క ఫ్యాను.
బొగ్గు గూడ్సు పోయినప్పుడల్లా
బల్లమీది రాజ్యాలు ఒక నూలు పక్కకు జరుగుతయి.

ఆరోగ్యం లోకోషెడ్డు నుంచి నేరుగా వస్తడు,
గోర్లల్ల గ్రీసు ఉంటది గనుక
తన పత్తాలన్నిటికీ ప్లాస్టిక్ తొడుగులు.
ఫర్హీన్ బీఎడ్ నోట్సుల నడుమ దాచుకొని తెస్తది.
మొగిలి మాత్రం వచ్చీరాంగనే
బంగారు రెక్కల ఏనుగును అందరికి చూపిస్తడు:
నాలుగు వేలు పెట్టి కొన్నడు, జీతంల సగం.

నిరుడు నా ఏడుతలల పామును ఇచ్చి
నేను మూడు మట్టిగోడలు తీసుకున్న.
నవ్విన్రు. రూపాయికి రెండొస్తయి అవి.
దాడి చెయ్యవు, ఎగరవు, నిప్పు కక్కవు,
మీద పడ్డదాన్ని మింగి ఊకుంటయి.
ఖిలా వరంగల్‌ల మేకలు కాసిన మా మేనమామ అనేటోడు:
రాతిగోడను చూసేటందుకు జనం వస్తరు బిడ్డా,
ముందు దెబ్బ తినేది మట్టిగోడ.

ఇద్దరి ఆట కుస్తీ.
నలుగురి ఆట అంగడి.
ఎవడు పెద్దగ కనబడితే
వాని మీదికి మూడు జతల కండ్లు తిరుగుతయి.
మొగిలి ఏనుగు నాలుగో వంతుకు దిగింది,
ఐదో వంతుకు చచ్చింది.
దాన్ని చంపినందుకు ఆరోగ్యం చేతిల ఏం మిగలలే.
ఆ చెయ్యి ఖాళీ అని ముందుగాల చూసింది ఫర్హీన్.
నేను ఆమెను చూస్తున్న.

మా నాయిన ఎనుమాముల మార్కెట్ల దళారి.
మిర్చి బస్తాల నడుమ, దగ్గుల నడుమ,
తువ్వాల కింద కొనేటోని చెయ్యి పట్టుకొని
వేళ్లతోటి ధర మాట్లాడేటోడు.
కింద క్వింటాలుకు వందలు ఎక్కుతున్నా దిగుతున్నా
పైన వాన సంగతి, ఎవరిదో పెండ్లి సంగతి.
ఇప్పుడు తెరమీద అంకెలు వస్తున్నయి.
తువ్వాల భుజం మీద ఊరికెనే ఉంటది.

తొమ్మిదిన్నరకు కానిస్టేబుల్ మెట్లెక్కిండు.
పత్తాలాట నడుస్తున్నదని ఎవరో చెప్పిన్రట.
లాఠీ కొనతోటి నా గబ్బిలాల రాణిని తిప్పి చూసిండు,
చంద్రునికి కావలి ఉండే కప్పను చూసిండు.
"ఇండ్ల జోకరేది?"
ఎవరం మాట్లాడలే.
"పైసలు ఏడున్నయి?"
మొగిలి చచ్చిన ఏనుగును చూపెట్టిండు.

ఫర్హీన్ వెనుక నిలబడి రెండు వంతులు చూసిండు సారు.
పోతా పోతా ఆమె దిక్కు తిరిగి
"నీ పనే బాగున్నది బిడ్డా" అన్నడు.
గంతే.
ఆమె చేతిల నిప్పు ఉన్నదని నాకు తెలిసిపోయింది.

మూడో మట్టిగోడను నా ముందర పెట్టుకోలే.
ఒక్క ప్రాణం మిగిలిన ఆరోగ్యం ముందర పెట్టిన.
"నీ కడుపు సల్లగుండ" అని
సగం మిర్చిబజ్జి నా దిక్కు జరిపిండు.
తిన్న. దయ కాదని చెప్పలే.
బతికున్న పక్కోడు నాకు ఇంకో గోడ,
వాన్ని కాల్చాలంటే కర్సయ్యేది ఆమె నిప్పు.

ఫర్హీన్ కాల్చలే.
పత్తాలు మడిచి, దుపట్టా కొన వాటి మీదికి లాక్కున్నది.
"మా అబ్బా కూడ ఎనుమాములలనే, కొనేటోల్ల దిక్కు.
మీ నాయిన బొటనవేలు మస్తు గట్టిదని చెప్తడు ఇప్పటికీ.
నీదేమో ఇందాకటి సంది వణుకుతున్నది."

చూసుకున్న. నిజమే.

ఇంకో గూడ్సు వస్తున్నట్టున్నది.
ఆరోగ్యం గ్లాసుల చాయ్ మీద సన్నటి గీతలు పుడుతున్నయి.
వంతు నాది.