ఈసీ

కంపెనీ పోయి కంపెనీల కలిసిన రోజు
జీడిమెట్ల గేటు కాడ అందరికీ లడ్డూలు పంచిండ్రు.
బోర్డు మీద పాత పేరు గీకేస్తుంటే
రాలిన నీలిరంగు పెచ్చు ఒకటి
ఎందుకో జేబుల ఏసుకున్న.

మూడు నెలలకు కవరొచ్చింది.
"విలీనం దరిమిలా మీ స్థానం మిగులుగా తేలినది."
మిగులు.
అన్నం మిగిలితే చద్ది అంటం,
బట్ట మిగిలితే దర్జీ దాచుకుంటడు.
పంతొమ్మిదేండ్లు మిల్లీగ్రాము తేడా రాకుండ
మందుపొడి తూచినోడు మిగిలితే
ఏమనాలె?

సుచరిత మేడం మంచిదే. కుర్చీ చూపించింది,
నీళ్ల గ్లాసు నా దిక్కు జరిపింది.
"ప్రత్యామ్నాయ పాత్ర ఒకటున్నది భిక్షపతి గారూ" అన్నది.
పాత్ర.
బేగంబజార్ల గిన్నె కొంటే మా ఇంటామె
బోర్లేసి, వేలితో కొట్టి, చెవి పెట్టి వింటది.
నేనూ కొట్టి చూసిన:
పాశమైలారం గోదాము, రాత్రి డ్యూటీ,
సర్వీసు మళ్ల సున్నా నుంచి,
జీతంల మూడో వంతు కోత,
సంతకం సాయంత్రంలోపు.
పగులు మోత.
"ఆలోచించుకుంట మేడం."
"దానికి ఇందుల కాలమ్ లేదండీ" అన్నది
ఫారం అటూ ఇటూ తిప్పి
నిజంగనే వెతుక్కుంట.

చిక్కడపల్లిల మెట్ల కింద గది, దామోదర్ వకీలుది.
నెల ముందు నోటీసియ్యాలె, లేకుంటే నెల జీతం.
చేసిన ఏడాదికి పదిహేను రోజుల కూలి.
ఆరు నెలలు దాటిన ముక్క ఉంటే
దాన్ని నిండు ఏడాది కిందనే పట్టాలట.
ముక్కను నిండు అన్నోళ్లు
ఈ మధ్య ఎవరూ తగల్లేదు నాకు.

ఏడాదికి పదిహేను రోజులు.
బస్సుల కూసోని ఏరుడు మొదలువెట్టిన.
వరదొచ్చిన అక్టోబరుల
మోకాల్లోతు నీళ్లల్ల డబ్బాలు మోసినయి కలుపుకోవాల్నా?
కరోనాల గేట్లేసి లోపల్నే పండుకున్న రాత్రులు
రోజుల కిందికొస్తయా?
తక్కెడ తప్పు చూపిస్తుందని
బ్యాచ్ మొత్తం ఆపిచ్చిన ఆ ఒక్క గురువారం
ఎన్ని రోజులు?
బాలానగర్ ఫ్లైఓవర్ దిగేసరికి
పదిహేను దాటిపోయినయి.
ఇంకా మొదటి ఏడాదిలనే ఉన్న.

వకీలు ఇంకొకటి కూడ చెప్పిండు,
కళ్లద్దాలు తుడుచుకుంట, నేను లేస్తుంటే:
"ఆఖర్ల వచ్చినోళ్లు ముందు పోవాలె. అది పద్ధతి.
కాదంటే కారణం రాసి చూపియ్యాలె వాళ్లు.
మీ సెక్షన్ల ఆఖర్ల ఎవరొచ్చిండ్రు?"

నౌషీన్.
బోరబండ పిల్ల. రెండేండ్లాయె.
సిఫారసు నాదే.
తూచేటప్పుడు ఊపిరి బిగవట్టాలె బిడ్డా,
ఊపిరికీ బరువుంటది అని
నేర్పింది నేనే.
నా హక్కు తక్కెడల ఇటు దిక్కు;
అటు దిక్కు గుండు
ఆ పిల్ల పేరు.

ఆదివారం లంగర్‌హౌస్ దాక ఊరికెనే పోయిన.
ఈసీ వచ్చి మూసీల కలిసే తావు.
నిలవడి చూస్తే ఏ నీళ్లు ఎవరియో తెల్వది.
ఆడికెల్లి కిందికి, పురానాపూల్, నయాపూల్, చాదర్‌ఘాట్,
ఎవర్నడిగినా మూసీ అనే అంటరు.
ఈసీ ఎండిపోలే. పేరొక్కటే పోయింది.
మోసేది ఇప్పటికీ మోస్తనే ఉన్నది.

సోమవారం చాయ్ టైముల ఆమెకు చెప్పేసిన.
చెప్పకుండ అర్జీ పెట్టుడు నాతోని కాలే.
చాయ్ మీద మీగడ కట్టేదాక మాట్లాడలే ఆ పిల్ల.
తర్వాత, "రాయండి సార్, నేను చెప్తా" అన్నది.
"లేబర్ కమిషనర్ గారికి.
కొత్త మిషన్లు రెండు దించిండ్రు మొన్న.
వాటి కాడ తూచెటోళ్లు ఎవరని ముందు అడగండి.
ఆ తర్వాత మీ పంతొమ్మిదేండ్లు రాయండి."
నా పెన్ను ఆగింది.
"మూడో పేరాల నా పేరొస్తది.
షీకి దీర్ఘం సార్.
ఆఫీసోళ్లు ఎప్పుడూ మింగేస్తరు."

ఊపిరి బిగవట్టి
ఆ దీర్ఘం పెట్టిన.