పట్టూ విడుపూ

యురేకా ఊళ్ళో ఆసుపత్రి అడుగున,
కార్లు ఆగే చోటికి ఇంకో అంతస్తు కింద,
పదహారు డాంపర్లు నా కాపలా.
తొడ లావు ఉక్కు గొట్టాలు,
స్తంభానికీ దూలానికీ నడుమ ఏటవాలుగా.

చేరిన రోజు నోరీన్ సిల్వేరా
సాసర్‌లో నాలుగు చుక్కలు పోసింది,
ఇనప రజను కలిసిన నల్ల నూనె.
ఫ్రిజ్ మీది పీతబొమ్మ అయస్కాంతం పీకి కింద పెట్టగానే
ముళ్ళపందిలా నిక్కబొడుచుకుంది.
తీసేస్తే మళ్ళీ నూనె.
"ఇంతే. ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీయాలి,
మిగతా చదువంతా అదే."

నాకు అరిసెల పాకం గుర్తొచ్చింది.
తీగపాకం ముదిరేలోగా దించాలి.
ఇక్కడ ఆ 'లోగా' సెకనులో వందో వంతు,
పైగా ముదిరిన పాకం మళ్ళీ పలచనవ్వాలి.

భూమిని ఎదురు తొయ్యదు ఇది.
తొయ్యాలంటే ఊరంత కరెంటు కావాలి,
సరిగ్గా ఆ వేళకే ఊళ్ళో కరెంటు ఉండదు.
దీనికి లారీ బ్యాటరీ చాలు.
భవనం ఎటు ఒరుగుతోందో చూసుకుని
బిగుస్తుంది, వదులుతుంది,
తగువు మధ్య పెద్దమనిషిలా
ఎవరి మీదా చెయ్యి చేసుకోదు.

ఫిబ్రవరిలో వచ్చింది, రాత్రి మూడు దాటాక,
సముద్రం వైపు నుంచి, పొగమంచు కిందుగా.
పంతొమ్మిది సెకన్లు.
రెంచి పట్టుకుని నేలమీద కూలబడ్డాను.
గొట్టాలు మూలిగాయి.
పిస్టన్లు బొటనవేలంత బయటికి, లోపలికి,
మళ్ళీ బయటికి.
నాలుగో అంతస్తులో నెలలు నిండని పిల్లల గాజుపెట్టెలు
జానెడు జరిగాయట.
జానెడే.
ఒకమ్మాయి నిద్ర కూడా లేవలేదట.

పదకొండోది మాత్రం పనిచెయ్యలేదు.
సెన్సర్ తీగ ఎలుక కొరికింది.
ఆ మూల మెట్లదారి గోడ
పైనుంచి కిందిదాకా బీటలిచ్చింది.
నెల కిందటి తనిఖీ కాగితంలో
పదకొండు పక్కన టిక్కు
నాదే.
వంగి చూడకుండా పెట్టింది.

నోరీన్ ఇరవై నిమిషాల్లో వచ్చింది,
పైజామా మీద రెయిన్‌కోటుతో.
కాగితం చూసింది. తీగ చూసింది. నన్ను చూసింది.
దవడ బిగుసుకుంది.
నా ఉద్యోగం అక్కడ, ఆ దవడ మీద,
ఎంతసేపు నిలబడిందో చెప్పలేను.
తర్వాత టార్చిలైటు నా చేతికిచ్చి
"పన్నెండోది కూడా చూడు.
ఈసారి వంగి" అంది.

వంగాను.
గొట్టం ఇంకా గోరువెచ్చగా ఉంది.