మెట్రో స్టేషన్ కాడ

మద్దిలపాలెంలో
సూరీడమ్మ ఇడ్లీ బండి వెనక గోడ మీద
మొదటి సర్వే వాళ్ళు ఎర్ర గీత గీశారు.
రెండోసారి వచ్చినవాళ్ళు పసుపుది.
మూడోసారి భూమికి బెజ్జం పెట్టి
గొట్టాల నిండా మట్టి పట్టుకుపోయారు.
"ఏటి బాబూ, మళ్ళీ తెచ్చిచ్చీస్తారా?" అందామె.

వాళ్ళు దిగ్గొట్టిన మేకు మాత్రం ఉండిపోయింది.
దానికే టార్పాలిన్ తాడు కట్టుకుంది.
తుఫానుకి బండి ఎగిరిపోయింది గానీ
మేకు కదల్లేదు.

నాలుగొందల నంబరు బస్సు కోసం చూసే
స్టీల్‌ప్లాంటు షిఫ్టు కుర్రాళ్ళు
ఎక్కడున్నావురా అని ఫోన్లో అడిగితే
"మెట్రో స్టేషన్ కాడ" అంటారు, నవ్వకుండానే.

కొత్తగా దిగినోళ్ళు తలెత్తి చూస్తారు.
రెండు కరెంటు తీగలు, ఓ కాకి.

తెల్లారగట్ల సూరీడమ్మ మూత తీస్తుంది.
ఆవిరి లేచి, లేచి,
ప్లాట్‌ఫాం ఉండాల్సినంత ఎత్తున
కాస్సేపు ఆగి,
సముద్రం వైపు వెళ్ళిపోతుంది.