పచ్చరంగు రెండు డబ్బాలు

ఏటా ఏప్రిల్లో
దీవిలో బాదంచెట్లు పూతకొచ్చిన వారానికి
మునిసిపాలిటీ వాళ్ళు నాకు
పచ్చరంగు రెండు డబ్బాలు, ఎరుపు ఒక చిన్న డబ్బా పంపుతారు.
ఎరుపు నాలుకకి.

రేవు పక్కన సిమెంటు భూతం.
చలికాలమంతా మంచు తిని పెచ్చులూడి ఉంటుంది.
ముందు గోకాలి.
మెడ దగ్గర మొదలుపెడతాను,
పిల్లలు ఎక్కి కూర్చునేది అక్కడే గనక
అరిగేదీ అక్కడే.

వచ్చినవాళ్ళు అడుగుతారు: నిజంగా ఉందా?
టీకి డబ్బులు. జవాబు ఊరికే.
ఉంది, అంటాను.
కారు ఇస్తాంబుల్‌దైతే
రెండు తలలు కూడా ఉంటాయి.

బళ్ళో సైన్సు చెప్పే గుల్‌బహార్ టీచరు మాత్రం
నా బల్ల దగ్గరే కూర్చుని లెక్క వేస్తుంది.
ఇవి సోడా నీళ్ళు, చెల్లీ,
సబ్బు లేకుండా దుప్పట్లు ఉతుకుతున్నావు ఇందులో.
ఈ వాన్ సరస్సులో బతికే చేప ఒకే ఒక్కటి,
అదీ గుడ్లు పెట్టాలంటే
వాగుకి ఎదురెక్కి మంచినీళ్ళు వెతుక్కోవాలి.
అంత ఒళ్ళు ఏం తిని పెరుగుతుంది?
ఒక్కటే అయితే ఇన్నేళ్ళు ఎలా ఉంది?
రెండైతే పిల్లలేవి?
నేను ఇంకో గ్లాసు పోస్తాను.
లెక్కలో తప్పేం లేదు.

మా మామ మీర్హాన్
రైలుపెట్టెల్ని మోసే ఓడలో ఇంజను మనిషి.
ఓడ దిగాక ఈ టీబల్ల పెట్టింది ఆయనే.
ఆయన భూతం పొడవు జనాన్ని బట్టి.
పెళ్ళివాళ్ళు దిగితే దూడని మింగేది.
కెమెరా వాళ్ళు దిగితే
పొద్దువాలే వెలుగులో మూడు మూపులు.
మా అత్త లోపల్నించి కేకేసేది,
"నిన్న రెండే అన్నావు!"
"నిన్న గాలి లేదే!"

ఒక్కసారి మాత్రం,
ఇద్దరమే ఈ మెడ గోకుతున్నప్పుడు,
నేను అడక్కుండానే చెప్పాడు.

జనవరి అట. తత్వాన్ నుంచి తిరుగుదారి.
నడిరాత్రి ఇంజను చచ్చింది.
మరమ్మతు మధ్యలో టీ పోసుకుని
సాసర్లో పెట్టి చేతులు తుడుచుకుంటున్నాడు.
గాలి లేదు. అల లేదు.
పైన రైలుపెట్టెల గొలుసులు కూడా కిక్కురుమనలేదు.
గ్లాసు వణికింది.
చెంచా గ్లాసుకి తగిలి సన్నగా మోగింది.
కిందనించి ఏదో
తొందర లేకుండా
ఓడ ఈ కొసనించి ఆ కొసకి
దాటి పోయినంతసేపు.
ఆగింది.

"అంతేనా?"
"అంతే."
"మరి ఇది చెప్పవేం వాళ్ళకి?"
గోకుడుకత్తి ఆపి నా వంక వింతగా చూశాడు.
"గ్లాసు వణికిందంటే
పైసలెవడిస్తాడమ్మా."

ఆయన పోయి మూడు చలికాలాలు.
ఈ సంగతి టీచరుకొక్కదానికే చెప్పాను.
భూమి కదిలుంటుందిలే అంది,
మన కింద నేలకి కుదురెక్కడిది.
అయ్యుండొచ్చు.
మా వంటింటి గోడ ఎలా పోయిందో నాకు తెలుసు.
లేచి చున్నీ సర్దుకుని, నాలుగడుగులు వేసి,
వెనక్కి వచ్చింది.
"చెంచా ఎంతసేపు మోగిందట?"
అడగలేదన్నాను.
"అడగాల్సింది," అంది.

ఇవాళ పొద్దున
ఆరని మెడ మీద అరచెయ్యి మోపేసింది
దియార్‌బకిర్ నించి వచ్చిన ఒక పాప.
ఉందా లేదా అని అడగలేదు.
దీనికి అమ్మ ఉందా, అంది.

ఎన్ని అబద్ధాలు ఉన్నాయి నా దగ్గర,
పొడవువి, పొట్టివి, రెండు తలలవి.
ఒక్కటీ నోటికి రాలేదు.

చెయ్యి పట్టుకుని మెట్లు దింపి
నీళ్ళలో కడిగాను. సబ్బు అక్కర్లేదు కదా.
పచ్చి రంగు తీగలుతీగలుగా
సాగి, లోపలికి పోయింది.
గీతల్లో మాత్రం కాస్త మిగిలింది.
పాప ఆ చేతినే చూసుకుంటూ
బస్సెక్కింది.

ఎరుపు డబ్బా మూత
ఇంకా తియ్యలేదు.