తొమ్మిది వోల్టులు

అక్టోబరు వచ్చిందంటే నాకు ఇళ్ళన్నీ గొంతులే.
దగ్గే గొంతులోకి వైద్యుడు చూసినట్టు
పైనుంచి తొంగి చూస్తాను.
హీయుమా దీవిలో ఈ కొసన నూట పదకొండు పొగగొట్టాలు,
వాటన్నిటికీ నేనొక్కదాన్నే, ఇల్విని.
ముఖం చూసి కాదు, మసి చూసి పోల్చుకుంటారు.

ఎదురైతే శుభమని
నా కోటు బొత్తాం ముట్టుకుంటారు పెళ్ళికూతుళ్ళు,
లాటరీ కొన్నవాళ్ళు, పరీక్షకు పోయే పిల్లలు.
అదృష్టమంటే ఇంతేనమ్మా అని చెప్పాలనిపిస్తుంది:
ఉక్కు బ్రష్షు, తాడు, తాడు చివర ఇనుప గుండు,
ఏడాదికోసారి నాకు తలుపు తీసే ఓపిక.

కాల్యో తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది.
"పొయ్యి బాగానే ఉంది," అన్నాడు గడప దాటనివ్వకుండానే.
పొయ్యి బాగానే ఉందనే ఇంట్లోనే
నాకు ఎక్కువ పని.

కప్పు ఎక్కాను. సముద్రపు గాలి చెవులు కోస్తోంది.
గుండు వదిలితే సగంలో ఆగిపోయింది.
తడి కట్టెలు కాల్చాడు ముసలాయన.
తడి బర్చ్ కట్టె ఏడుస్తూ కాలుతుంది,
ఆ ఏడుపంతా గొట్టం గోడలకు తారై పడుతుంది,
నల్లగా, నిగనిగలాడుతూ,
ఒక్క రవ్వ కోసం కాచుకుని.
గీకాను. మధ్యాహ్నం దాకా గీకాను.
రెండు బకెట్లు.

కిందికొచ్చి చూస్తే
పొయ్యి నోటికి జానెడు దూరంలో ఆరేసిన ఉన్ని మేజోళ్ళు,
నేలమీద రేకు ఉండాల్సిన చోట పాత పేపర్లు,
వసారాలో అట్టపెట్టె నిండా బూడిద.
"మొన్నటిది. ఎప్పుడో చల్లారింది."
ఊచతో కదిపాను.
అడుగున ఎర్రటి కన్ను ఒకటి తెరుచుకుంది.
నివురు గప్పిన నిప్పని మాటవరసకు అంటాం.
ఇక్కడది నిజంగానే, ఎండుకట్టెల గుట్ట పక్కన
రెండు రోజులుగా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

పెట్టె మోసుకెళ్ళి తడి గులకరాళ్ళ మీద బోర్లించి
బకెట్టు నీళ్ళు కుమ్మరించాను. చుయ్యిమంది.
కాల్యో అటు చూడలేదు.

లోపలికొచ్చి తలెత్తాను.
పొగ పసిగట్టే తెల్లటి బిళ్ళ కప్పుకే ఉంది.
మీట నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు.
విప్పితే లోపల ఖాళీ. రెండు చిన్న తీగలు
పక్షిపిల్లల నోళ్ళలా తెరుచుకుని.
"బ్యాటరీ ఏదీ?"

ఆయన కిటికీ వైపు చూశాడు.
కిటికీ గట్టు మీద సల్మే రేడియో,
అంచులు అరిగిన తోలు తొడుగులో.
"నేను పడవలో ఉంటే
తుఫాను హెచ్చరికలు వినేది.
ఇప్పుడు పడవ లేదు. తనూ లేదు.
హెచ్చరికలు మాత్రం చదువుతూనే ఉన్నారు,
రోజూ సాయంత్రం ఆరింటికి.
కొట్లో ఆ బ్యాటరీ దొరకలేదు.
ఇదేమో ఊరికే కప్పుకు వేలాడుతోంది."

తిట్టాలి నేను. తిట్టడానికి నా సంచిలో
ముద్రేసిన కాగితం కూడా ఉంది.
తిట్టాను, కొంచెం.
మేజోళ్ళ తాడు విప్పి అవతలి గోడకు కట్టాను.
పేపర్లు తీసి నా రేకు పలకొకటి పరిచాను.
మూతున్న ఇనుప బకెట్టు చూపించి
"బూడిదకు ఇదే ఇల్లు, బయట, గోడకు దూరంగా,"
అని మూడుసార్లు చెప్పించుకున్నాను,
పిల్లాడి చేత ఎక్కం చెప్పించుకున్నట్టు.
రేడియోను మాత్రం ముట్టుకోలేదు.

సంచి అడుగున ఒక బ్యాటరీ ఉంది,
మా ఇంట్లో వారంగా కీచుమంటున్న దానికని కొన్నది.
బల్లెక్కి బిగించాను. మీట నొక్కాను.
ఇల్లంతా అదిరేలా అరిచింది.
కాల్యో చెవులు మూసుకుని నవ్వాడు,
"సల్మే గొంతు అచ్చం ఇంతే," అని.

ఆ రాత్రి మా ఇంట్లో
నిమిషానికోసారి కీచు, కీచు.
మర్నాడు పడవరేవు కొట్టు తెరిచేదాకా ఇంతే.
పొయ్యి వెలిగించలేదు.
చలికి కోటు కప్పుకుని పడుకుంటే
చీకట్లో చేతికి తగిలింది బొత్తాం.
నేనూ ముట్టుకున్నాను.