ఇల్లు అద్దెకివ్వబడును

ఏడు రోడ్ల జంక్షన్‌లో బండాపి
"ఇప్పుడే రోడ్డు?" అన్నాడు మా ఆయన.
ఆరూ తిరిగేశాం కదా, అన్నాను.

బలగలో మెట్ల కింద గది
ఐదున్నర వేలు, పది నెలల అడ్వాన్సు,
మోటారు పొద్దున్న అరగంటే.

ఇల్లీసుపురంలో ఇంటావిడ
గ్లాసుడు మంచినీళ్లిచ్చి, తాగనిచ్చి, అడిగింది:
"మీరేవుట్లమ్మా?"
చెప్పాను.
గ్లాసు చేత్తో అందుకోలేదు,
గట్టు మీద పెట్టమంది.
"మా తమ్ముడు దిగుతానన్నాడు, మరిసేపోనాను."

పైడిభీమవరం కంపెనీలో ఆయన జీతం పదమూడు వేలు.
చంటిదాని పాలు తీసేసి లెక్కేస్తే సరిపోయింది.
మళ్లీ కలిపాం.

గుజరాతీపేటలో, దీపాలు పెట్టే వేళ,
డాబా మీద రేకుల గది. మూడు వేలు.
ముసలి టైలరు వైకుంఠరావు
పళ్లతో దారం కొరుకుతూ
"గోడకి మేకులు మాత్రం కొట్టీకండమ్మా" అన్నాడు.
ఇంకేం అడగలేదు.
నేనే ఉండబట్టలేక,
"ఎండునెత్తళ్లు వండుకోవచ్చా?"
"నాకో గిన్నెడంపండి."

రాత్రి తలుపేస్తే కనబడింది
సున్నం కింద సగం మునిగిన మేకు.
మాకన్నా ముందెవరో
అడక్కుండా కొట్టుకున్నది.
సంచీ తగిలించాను.
కొంచెం వంగింది గానీ
ఊడలేదు.