సద్దిగిన్నె

సోమశిల ఒడ్డున మూడుకాళ్ల స్టాండు మీద మా రాడార్,
టార్పాలిన్ కప్పుకొని
అడ్డా మీద పనికి నిలబడ్డ కొత్త కూలిలెక్క.
పని ఒకటే: నీళ్ల మీద చిన్న వస్తువును పట్టాలె.
మా వస్తువు కుర్మయ్య పుట్టి.
వెదురు, తారు పూసిన గోతాలు, ఒక బక్క మనిషి.
లోహమంటే సద్దిగిన్నె ఒక్కటే.

వారమంతా ఒకే అల పంపినం,
ఒకే పొడుగు, ఒకే గొంతు.
నల్లమల బండలు జవాబిచ్చినయి.
మునిగిన ఊరి మొండిగోడ జవాబిచ్చింది.
కృష్ణల లేచిన ప్రతి కెరటం నేనే నేనే అన్నది,
ఒక్క పేరు పిలిస్తే బడి మొత్తం లేచి పలికినట్టు.
తెర నిండ మెరుపులు. కుర్మయ్య లేడు.
మా ముంగట్నించే పోయిండు, చెయ్యి ఊపుకుంట.

పొద్దుగూకితే మన్నెమ్మ ఒడ్డుకొస్తది.
వచ్చుడుతోనే పిలవదు.
కొంగు చెవుల మీంచి తీసి, గాలిని ఇంటది.
ఇన్నంకనే పిలుస్తది.
నిన్న పిలిచినట్టు ఇయ్యాల పిలవదు.

"ఎదురుగాలి ఉంటే పొడుగ్గ పిలవాలె బిడ్డా,
నీళ్లు లొల్లి చేస్తుంటే తుంచి తుంచి.
గుట్ట మర్ల పలుకుతుంటే
గుట్టకు అందని గొంతు తియ్యాలె."

రికార్డు పుస్తకంల రాసుకోలే. సిగ్గయింది.
ఆ రాత్రి జనరేటర్ పక్కన కూసొని ప్రోగ్రాం మార్చిన.
ముందు ఇను.
గుట్ట ఏ గొంతుకు పలుకుతదో ఆ గొంతు ఇడిసిపెట్టు.
కెరటం లయ పట్టుకో, దాని సందుల్ల పిలువు.
వచ్చిన జవాబును బట్టే
మళ్ల పిలుపు కుట్టుకో.

పదకొండో రోజు, చీకటి పడంగ, ఒక చుక్క.
కెరటమైతే లేస్తది, పడతది.
ఇది వస్తున్నది,
తెడ్డు ఏసినప్పుడల్ల ఇంతంత ముందుకు ఉరికి.
"తొమ్మిదొందల మీటర్లు!" జహీర్ ఎగిరిండు.
మేం చప్పట్లు కొట్టినం.

ఎనుకకు తిరిగి చూస్తే
మన్నెమ్మ పొయ్యి అంటేసింది అప్పటికే,
పెంక మీద జొన్నరొట్టె సగం కాలింది.
ఎన్ని మీటర్ల కాన్నించి తెలుసో నేను అడగలే.

రిపోర్టుల లక్ష్యం అని రాయాలె, పేరు రాయొద్దు.
ఆమె పిలిచేది రమ్మని,
మేం పిలిచేది దొరకమని.
ఈ పిలుపు రేపు ఏ నీళ్ల మీదికి పోతదో
నాకు తెల్వదు. తెలిసినా చెప్పనియ్యరు.

పుట్టి ఒడ్డు తాకింది.
మన్నెమ్మ చేపల దిక్కు చూడలే,
సద్దిగిన్నె అందుకొని మూత తీసింది.
"సగం కూడ తినలే," అని కుర్మయ్య మీద లేచింది.

అది మా తెర మీద పడలే.